లీటరు పెట్రోల్‌లో రాష్ట్రాలకు దక్కేది ఎన్ని పైసలు?

పెట్రోల్ రేటు పెరిగినప్పుడల్లా టీవీల్లో ఒకటే గోల. కేంద్రం ఎక్సైజ్ తగ్గించాలని రాష్ట్రాలు, ముందు మీ వ్యాట్ తగ్గించుకోండని కేంద్రం. ఒకే లీటరు మీద ఇద్దరూ పన్ను వేయగలుగుతున్నారంటే అది కేంద్రానికి ఏవి, రాష్ట్రాలకు ఏవి అని అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూల్ చలవే. రక్షణ, రైల్వేలు కేంద్రానివి, పోలీసు, భూమి రాష్ట్రాలవి, చదువు లాంటివి ఉమ్మడివి అని స్కూల్లోనే చదువుకున్నాం కదా. పన్నులు మాత్రం ఉమ్మడి జాబితాలో పెట్టలేదు, విడివిడిగా పంచారు. అందుకే పెట్రోల్ తయారీ మీద ఎక్సైజ్ కేంద్రానిది, అమ్మకం మీద పన్ను, అంటే వ్యాట్, రాష్ట్రానిది.

అసలు కిటుకు ఇక్కడ లేదు, కేంద్రం వసూలు చేసేదాన్ని ఏ పేరుతో వసూలు చేస్తుందన్న దాంట్లో ఉంది. 2022 మేలో ఎక్సైజ్‌ను 8 రూపాయలు తగ్గించాక మామూలు పెట్రోల్ లీటరు మీద కేంద్రం పన్ను 19.90 రూపాయలైంది. అప్పుడు అందులో మూల ఎక్సైజ్ 1.40 మాత్రమే, మిగతా 18.50 సర్‌చార్జీ (పన్ను మీద అదనపు వడ్డింపు) కిందికొచ్చే ప్రత్యేక అదనపు ఎక్సైజ్, రోడ్ల సెస్, వ్యవసాయ సెస్ (ఫలానా పని కోసమని వేసే పన్నులు). కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే ఆర్థిక సంఘాల్లో 15వది, 2021-26కి రాష్ట్రాలకు 41 శాతం ఇమ్మంది, బాగానే ఉంది, కానీ సెస్‌లు, సర్‌చార్జీలు ఆ పంపకంలోకి రావు. అంటే 1.40లో 41 శాతం, 57 పైసలు, అదీ రాష్ట్రాలన్నిటికీ కలిపి! అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం, లెక్కేస్తే ఒకరికి రెండు పైసల పైచిలుకు, ఇంకొకరికి ఒక పైసా చిల్లర. ఆ సెస్ డబ్బు తిరిగి రాష్ట్రాల్లోనే రోడ్లకీ పథకాలకీ ఖర్చవుతోందని కేంద్రం వాదన, అది పూర్తిగా కొట్టిపారేయాల్సిందేమీ కాదు, కాకపోతే ఏ రోడ్డుకి ఎంత అన్నది ఢిల్లీలో తేలుతుంది.

అలాగని రాష్ట్రాల మీద జాలిపడనక్కర్లేదు. తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రలో 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, మళ్లీ రూపాయి రోడ్డు సెస్. పైగా ఈ శాతాన్ని కేంద్ర ఎక్సైజ్ కలిపిన ధర మీద కడతారు కాబట్టి కేంద్రం పెంచితే రాష్ట్రానికీ ఊరికే నాలుగు రాళ్లు రాలతాయి.

పెట్రోల్‌ను జీఎస్టీలోకి తెండి అంటే ఇద్దరూ నసుగుతారు. జీఎస్టీ రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మిగతా రెండు వంతులు, ఏ నిర్ణయమైనా నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల బలం కావాలి. అక్కడికి చేరాక ఏ ఒక్కరూ రాత్రికి రాత్రి రేటు మార్చుకోలేరు.