టెన్షన్ లేకపోయినా ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉంటుంది

తిరుపతిలో గుండె జబ్బుల వైద్యుణ్ణి. ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అన్నానంటే చాలు, "నాకేం టెన్షన్ సార్, పిల్లలిద్దరూ సెటిలైపోయినారు" అంటారు. మొన్న చిత్తూరు నుంచి వచ్చిన పెద్దాయనా అదే అన్నాడు. చొక్కా జేబులో బీడీ కట్ట కనిపిస్తూనే ఉంది.

అపోహ: ఇది మనసు మీది ఒత్తిడి.

కాదు. ఒంట్లో ఫ్రీ రాడికల్స్, అంటే తగిలినదాన్నల్లా దెబ్బతీసే చురుకైన అణువులు, పుడుతూనే ఉంటాయి, వాటిని అణచే ఏర్పాటూ ఒంట్లోనే ఉంది. అణచే బలం చాలనప్పుడు వచ్చే చిక్కు ఇది. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, నాళం వదులయ్యేది దానివల్లే (ఆ సంగతి తేల్చిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది). సూపర్ ఆక్సైడ్ అనే రాడికల్ తగిలితే ఆ నైట్రిక్ ఆక్సైడ్ క్షణంలో ఖతం, నాళం బిగుసుకుంటుంది. ఇక గోడలోకి దూరిన ఎల్‌డీఎల్ (చెడ్డ) కొలెస్ట్రాల్ ఈ రాడికల్స్ దెబ్బకు ఆక్సీకరణమైతే, అంటే ఆక్సిజన్‌తో కలిసి చెడితే, రక్షక కణాలు దాన్ని మింగీ మింగీ నురగలా ఉబ్బి అక్కడే ఇరుక్కుపోతాయి. పూడికకు పునాది అదే. బీడీ పొగ ఒక్క దమ్ములోనే లెక్కలేనన్ని రాడికల్స్‌ను లోపలికి పంపుతుంది.

అపోహ: రాడికల్స్‌ను అణచే యాంటీ ఆక్సిడెంట్ బిళ్లలు మింగితే సరి.

ఒకప్పుడు డాక్టర్లూ ఇదే ఆశపడ్డారు. బ్రిటన్‌లో 20,536 మందిలో సగం మందికి అయిదేళ్లు విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ ఇచ్చారు. రక్తంలో విటమిన్ ఇ దాదాపు రెట్టింపైంది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. 2002లో ఫలితాలు వచ్చాయి. అంతకుముందే, 1994లో, ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగేవాళ్లకు బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని తేలింది. రాడికల్స్ అన్నీ శత్రువులు కావు మరి, తెల్లరక్తకణాలు క్రిముల్ని చంపేది వాటితోనే. అయినా ఆ రంగురంగుల డబ్బాలు నా టేబుల్ మీదికి వస్తూనే ఉన్నాయి.

అపోహ: నూనె డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంటే భయం లేదు.

చెనక్కాయ నూనెలో అదెప్పుడూ లేదు! చూడాల్సింది బాణలి. పొద్దున బోండాలు వేసిన నూనెలోనే సాయంత్రం బజ్జీలు, నల్లగా, జిగటగా, కమురు వాసనతో. అదే ఆక్సీకరణం.

అపోహ: ఆయాసపడితే రాడికల్స్ పెరుగుతాయి, కాబట్టి నడవకూడదు.

కాసేపు పెరుగుతాయి, నిజమే. రోజూ నడిస్తే అణచే బలమూ పెరుగుతుంది. అలాగని ఏడాదంతా కూర్చుని ఒకేసారి అలిపిరి నుంచి 3,550 మెట్లకు తయారవకండి. గుండెల్లో పట్టేసినట్టుంటే ముందు చూపించుకోండి.

పెద్దాయనకు బీపీ, కొలెస్ట్రాల్ మందులు రాసి, ఆయన తెచ్చుకున్న విటమిన్ డబ్బా తిరిగిచ్చేశాను. వెళ్లాక చూస్తే బీడీ కట్ట టేబుల్ మీదే ఉంది. వదిలేశాడో, మర్చిపోయాడో వచ్చే నెల తెలుస్తుంది.