సోయా ప్రొటీన్, క్యాన్సర్ నివారణ: ప్లేసిబోతో పోల్చి చూస్తే ఏం తేలింది?

సోయాలో క్యాన్సర్‌ను ఆపే ప్రొటీన్ ఉందన్న ప్రచారం మళ్లీ ఊపందుకుంది. పొడులు అమ్మేవాళ్లు ల్యాబ్‌లో రుజువైందంటున్నారు. అంతవరకూ నిజమే. ఆ తర్వాత మనుషుల్లో ఏం జరిగిందో మాత్రం చెప్పడం లేదు.

వాళ్లు చూపే ఆధారాల్లో ముఖ్యమైనది 1985 నాటిది. సోయాలోని ఆ ప్రొటీన్ పేరు బౌమన్-బర్క్ ఇన్హిబిటర్. 71 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. ప్రొటీన్లను జీర్ణం చేసే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే రెండు ఎంజైములనూ అడ్డుకుంటుంది. ఎక్స్‌రేలు తగిలిన చిట్టెలుక కణాలు క్యాన్సర్ వైపు మళ్లకుండా నానోమోలార్ మోతాదే, అంటే అతి కొద్ది మోతాదే, ఆపిందని పరిశోధకులు ఆన్ కెన్నెడీ, వాల్టర్ ట్రోల్ బృందం చూపింది. మంచి పరిశోధన, సందేహం లేదు.

అసలు మలుపు నోట్లో వచ్చే తెల్లమచ్చల దగ్గర ఉంది. ల్యూకోప్లేకియా అనే ఈ మచ్చల్లో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. చుట్ట, గుట్కా అలవాటున్న మన దగ్గరా ఇవి కొత్త కాదు. అమెరికాలో 32 మందికి నెల రోజులు ఈ ప్రొటీన్ ఉన్న సోయా సారం ఇస్తే 10 మందికి మచ్చలు తగ్గాయని 2000లో ప్రకటించారు. అందరూ ఉత్సాహపడ్డారు. కానీ ఆ ట్రయల్‌లో ప్లేసిబో గ్రూపే, అంటే పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గ్రూపే, లేదు.

ప్లేసిబోతో పోల్చిన ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. 132 మందిని తీసుకుంటే ఆరు నెలలూ పూర్తి చేసింది 89 మంది. సోయా సారం తీసుకున్నవాళ్లలో 28 శాతం మందికి మచ్చలు తగ్గాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 30 శాతం మందికి తగ్గాయి! అంటే 2000లో కనబడిన ఫలితం ఏ మందూ లేకుండా కూడా వచ్చేదే కావచ్చు. రెండు ట్రయల్స్‌లో వాడిన బ్యాచ్‌ల మధ్య తేడా కూడా కారణం కావచ్చని పరిశోధకులు రాశారు. కావచ్చు. అలాగైతే మరో ట్రయల్‌తో తేల్చాలి. అది తేలకముందే డబ్బా మీద క్యాన్సర్ పేరు రాసి అమ్మడం రోగుల భయంతో వ్యాపారం చేయడమే. పొడిని నమ్ముకుని బయాప్సీ వాయిదా వేసుకుంటే నష్టపోయేది రోగి.

వేడికి గుణం పోతుంది, పచ్చిగానే తినండి అనే సలహా ఇంకా ప్రమాదకరం. పచ్చి సోయాపిండి ఎక్కువ కాలం తిన్న ఎలుకల్లో పాంక్రియాస్ ఉబ్బింది, కణితులూ వచ్చాయి. మనుషుల్లో అది రుజువు కాలేదు. అయినా సోయాను ఉడికించి పెడితేనే ఎలుకలు సరిగా పెరుగుతాయని ఆస్బోర్న్, మెండెల్ అనే పరిశోధకులు 1917లోనే చూపించారు.