చెత్త కంపాక్టర్: స్క్రూ బిగిస్తే బలం రాదు

బెంగళూరులో ఆటో టిప్పర్లు ఇంటింటికీ తిరిగి తెచ్చిన చెత్తను మింగి, నొక్కి, ఊరి బయటికి మోసుకెళ్లేవి కంపాక్టర్ లారీలు. వాటి హైడ్రాలిక్ మరమ్మతులే, అంటే నూనె ఒత్తిడితో నడిచే భాగాల మరమ్మతులే నా పని. డ్రైవర్లలో, లోడర్లలో అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు చాలామంది. అందుకే మా షెడ్డులో మాటలన్నీ తెలుగులోనే సాగుతాయి, అపోహలతో సహా.

అపోహ: నొక్కుడు తగ్గితే ప్రెషర్ పెంచాలి

"అన్నా, బ్లేడు చెత్తను లాగడం లేదు. రిలీఫ్ వాల్వ్ కాస్త బిగించు." ఎక్కువగా వినే మాట ఇదే. పంపు ఇచ్చేది నూనె ప్రవాహం మాత్రమే. ఆ ప్రవాహానికి అడ్డు తగిలినప్పుడే ప్రెషర్ పుడుతుంది. అది ఎంతవరకు పెరగవచ్చో హద్దు పెట్టేది రిలీఫ్ వాల్వ్. హద్దు జరిపినంత మాత్రాన అరిగిన పంపుకు కొత్త సత్తువ రాదు.

ముందు గేజ్ పెట్టి చూడండి. బ్లేడు ఖాళీగా ఉన్నప్పుడు కూడా నత్తనడక నడుస్తుంటే ప్రవాహం తక్కువని అర్థం. ట్యాంకులో నూనె మట్టం, పంపు నూనె పీల్చే చోట ఉండే సక్షన్ జాలీ, ఇంజిన్ శక్తిని పంపుకు అందించే పీటీవో, ఇంజిన్ వేగం వరసగా చూడాలి. చురుగ్గానే వచ్చి చెత్త తగలగానే నిలిచిపోతే రిలీఫ్ వాల్వ్ సీటులో ఏదైనా మలినం ఇరుక్కుందా, బ్లేడును కదిపే సిలిండర్ లోపల పిస్టన్ సీలును దాటి నూనె పోతోందా అని వెతకాలి. పొద్దున బాగా పనిచేసి, నూనె వేడెక్కాక మొరాయించే బండి అయితే నా మొదటి అనుమానం పంపు మీదే. వేడికి పలచబడిన నూనె అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది.

రిలీఫ్ వాల్వ్ స్క్రూ తిప్పి ప్రెషర్ పెంచేవారు ఒక లెక్క వేసుకోవాలి. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లున్న సిలిండర్ 180 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర 14 టన్నులకు పైగా తోస్తుంది. 220 బార్ చేస్తే 17 టన్నులు దాటుతుంది. ఆ అదనపు భారమంతా పిన్నుల మీద, బుష్‌ల మీద, వెల్డింగ్ అతుకుల మీద కూడా పడుతుంది. తర్వాత బ్లేడును మోసే క్యారేజ్ పగిలిందని వస్తారు. ఎంత ప్రెషర్ ఉండాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది, కానీ ఆ పుస్తకం బండిలో మాత్రం ఉండదు!

అపోహ: సీల్ కిట్ మారిస్తే లీకు ఆగుతుంది

సీల్ కిట్ అంటే సిలిండర్ నుంచి నూనె కారకుండా ఆపే చుట్లు. సిలిండర్‌లోంచి బయటికి వచ్చే రాడ్డు బాగుంటేనే లీకు ఆగుతుంది. రాడ్డు మీద గోరు పెట్టి నిలువునా, చుట్టూ కూడా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ క్రోమ్ లేచిందనో, గీత పడిందనో అర్థం. కొత్త సీలును కూడా అదే గీత కోసేస్తుంది. చెత్తను బయటికి నెట్టే ఎజెక్టర్ ప్లేటుకు పక్కల ఉండే నైలాన్ ప్యాడ్లు అరిగిపోతే ప్లేటు వంకరగా కదిలి టెలిస్కోపిక్ సిలిండర్‌ను పక్కకు వంచుతుంది. అప్పుడు ఎన్ని కిట్లు మార్చినా డబ్బు దండగ. మిట్టగానహళ్లి చెత్త యార్డు లాంటి చోట్ల ఎగుడుదిగుడు నేల మీద బండిని ఒరిగించి చెత్త దింపేవారికి ఈ బెడద ఇంకా ఎక్కువ.

అపోహ: నూనె శుభ్రంగా కనిపిస్తే చాలు

సుమారు 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువు కంటికి ఆనదు. పంపునూ వాల్వులనూ అరగదీసేవి అంతకంటే చిన్నవే. నూనె పాలలా మారితే మాత్రం నీళ్లు చేరాయని వెంటనే తెలుస్తుంది. బండి కడిగేటప్పుడు ట్యాంకులోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ మీదికి నీళ్లు కొట్టడం దీనికి తరచూ కనిపించే కారణం.

అపోహ: కంపాక్టర్ దేన్నైనా పిండి చేస్తుంది

అట్టపెట్టెలు, ప్లాస్టిక్ అణుగుతాయి. వాటిలో ఉన్నది గాలి కదా. తడి చెత్తలో ఉన్నది నీరు, అది అణగదు, బయటికి కారుతుంది. కె.ఆర్. మార్కెట్ కూరగాయల చెత్తను ఎంత నొక్కినా తగ్గే పరిమాణం కొంతే, నిండేది మురుగునీటి ట్యాంకు. కుళ్లుతున్న చెత్త నుంచి వచ్చే ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది. రోజూ ఖాళీ చేసి కడగకపోతే హాపర్ (వెనక చెత్త పోసే తొట్టి) అడుగు రేకును తినేస్తుంది. ఎండాకాలం కొబ్బరి బొండాలైతే బ్లేడు కింద అడ్డం తిరిగి కూర్చుంటాయి. తడి, పొడి చెత్తను వేరు చేస్తే బాగుపడే వాటిలో నా పని కూడా ఒకటి.

అపోహ: ఇంజిన్ ఆపేస్తే భయం లేదు

ఇది ప్రాణం తీసే అపోహ. ఇంజిన్ ఆగినా పైకి లేచిన టెయిల్‌గేట్ (బండి వెనక తలుపు) బరువు నూనె మీదే నిలిచి ఉంటుంది. హోస్ పైపు విప్పగానే గేటు కింద పడవచ్చు. గేటు పడకుండా ఆపే సేఫ్టీ ప్రాప్ పెట్టకుండా దాని కిందికి తల కూడా వంచకండి.

సూదిబెజ్జం లీకును చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క వాడండి. అంత సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చీమ కుట్టినంత మచ్చే, నొప్పి కూడా మొదట్లో తెలియకపోవచ్చు. అయినా గంటల్లోనే ఆపరేషన్ అవసరమయ్యే గాయమది. సరాసరి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, ప్రెషర్‌తో హైడ్రాలిక్ నూనె చేతిలోకి దూరిందని స్పష్టంగా చెప్పండి. పైన కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేయకండి.