పాల దారిన వచ్చిన విషం

1973 చివర్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కొన్ని పాడి ఆవులు దాణా ముట్టడం మానేశాయి. పాలు తగ్గాయి, డెక్కలు వంకరగా పెరిగాయి, చూడి ఆవులు ఈసుకుపోయాయి. పశువైద్యులకు అంతు చిక్కలేదు. రిక్ హాల్బర్ట్ అనే రైతుకు మాత్రం దాణా మీదే అనుమానం. కెమికల్ ఇంజినీరింగ్ చదివిన ఆయన, ల్యాబుల చుట్టూ తిరిగి కారణం బయటపడేదాకా వదల్లేదు. 1974లో తేలింది: అది పాలీబ్రోమినేటెడ్ బైఫినైల్, అంటే పీబీబీ.

ప్లాస్టిక్ తేలిగ్గా అంటుకోకుండా కలిపే రసాయనం అది. మిషిగన్ కెమికల్ కంపెనీ దాన్ని ‘ఫైర్‌మాస్టర్’ అనీ, దాణాలో వేసే మెగ్నీషియం ఆక్సైడ్‌ను ‘న్యూట్రిమాస్టర్’ అనీ అమ్మేది. (ఆ పేర్లు పెట్టినవాళ్లను ఏమనాలి!) సంచులు మారి, మొదటిది దాణా మిల్లుకు చేరింది.

అసలు కథ ఒంట్లోకి వెళ్లాక మొదలవుతుంది. కొవ్వులో కరిగే పదార్థాన్ని బయటికి పంపాలంటే, కాలేయంలోని ఎంజైములు ముందు దాని కార్బన్‌కు ఆక్సిజన్ తగిలించాలి. అప్పుడది నీటిలో కరిగి మూత్రంలో పోతుంది. పీబీబీలో అలాంటి చోట్లు చాలావాటిని బ్రోమిన్ ముందే ఆక్రమించేసింది. దాంతో అది కొవ్వులోనే ఉండిపోతుంది. మనిషి రక్తంలో సగానికి తగ్గడానికే 10 ఏళ్లు దాటుతుంది. త్వరగా బయటపడే మార్గం ఒక్కటే, కొవ్వు బయటికి వెళ్లే మార్గం. ఆవుకది పాలు, కోడికి గుడ్డు. అలా రాష్ట్రంలో లక్షల మంది తిండిలోకి చేరింది. సుమారు 30,000 పశువులనూ, 15 లక్షల కోళ్లనూ చంపాల్సివచ్చింది.

తల్లులకూ అదే దారి. కడుపులో ఉన్నప్పుడు ఎక్కువ మోతాదు సోకి, తర్వాత తల్లిపాలు కూడా తాగిన ఆడపిల్లలు తోటివాళ్లకన్నా ముందే రజస్వల అయ్యారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీబీబీలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువున్నవాటిలో చేర్చింది.

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి. పీబీబీని వదిలేసిన పరిశ్రమ, మంటలను అడ్డుకోవడానికే వాడే పాలీబ్రోమినేటెడ్ డైఫినైల్ ఈథర్ల (పీబీడీఈల) వాడకం పెంచింది. అణువులో అవే రెండు కార్బన్ వలయాలు, అదే బ్రోమిన్, మధ్యలో ఒక్క ఆక్సిజన్ పరమాణువు అదనం. సోఫాల ఫోమ్‌లో, టీవీ పెట్టెల్లో చేరిపోయాయి. ఏళ్ల తరబడి నశించని విష రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, స్టాక్‌హోమ్ ఒప్పందం. 2009లో దాని నిషేధ జాబితాలోకి పాత పీబీబీ, దాని స్థానంలో వచ్చిన పీబీడీఈల్లో కొన్ని ఒకేసారి ఎక్కాయి. మన దేశం కూడా 2018 నిబంధనల్లో రెంటినీ కలిపే నిషేధించింది. అప్పటికే తయారైన ప్లాస్టిక్‌లో ఉన్నవి మాత్రం అందులోనే ఉన్నాయి. రాగి కోసం పాత ఎలక్ట్రానిక్ చెత్తను తగలబెడితే వాటి నుంచి బ్రోమినేటెడ్ డయాక్సిన్లనే తీవ్ర విషాలు పుడతాయి.