స్టెయిన్డ్ గ్లాస్: అపోహలు, అసలు సంగతులు

మేడ మీద మా గది కిటికీకి ఒక గాజు పలక వేలాడుతుంటుంది. ఎర్ర కలువ, రెండాకులు, మధ్యలో నల్లటి అతుకులు. సాయంత్రం ఎండ పడితే గచ్చంతా రంగులే. చూసినవాళ్ళు అడిగే మొదటి మాట, "ఏం పెయింటు సామీ ఇది?" అక్కణ్ణించే మొదలుపెడతా.

అపోహ: గాజు మీద రంగు వేయడమే స్టెయిన్డ్ గ్లాస్

ట్యూబుతో నల్ల గీత గీసి లోపల రంగు నింపేది గ్లాస్ పెయింటింగ్. అదీ మంచి పనే, కానీ వేరే పని. ఇక్కడ రంగు గాజులోనే ఉంటుంది. కరిగిన గాజులో కోబాల్టు కలిస్తే నీలం, ఇనుము కలిస్తే ఆకుపచ్చ, బంగారు లవణం కలిస్తే మాణిక్యం ఎరుపు. మనం ముక్కలు కోసి అతుకుతాం, అంతే. మరి 'స్టెయిన్' అనే పేరెందుకు? 14వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో గాజుకి వెండి సమ్మేళనం పూసి, కాల్చి, పసుపు రంగు తెప్పించడం పట్టుకున్నారు. ఆ పసుపే అసలు 'స్టెయిన్', అంటే మరక. మెదక్ చర్చి రంగుటద్దాల కిటికీలు చూసొచ్చినవాళ్ళు "ఆ బొమ్మల్లో ముఖాలో?" అంటారు. అలాంటివి గాజుపొడి కలిసిన రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. కొత్తవాళ్ళకు ఆ గొడవ అక్కర్లేదు.

అపోహ: కోయడానికి బలం కావాలి, మిషన్లు కావాలి

నిజానికి గాజును ఎవరూ కోయరు. పైపైన గీసి, ఆ గీత వెంట విరుస్తారు. నాకిది నేర్పింది గోవిందరాజస్వామి గుడి దగ్గర దేవుడి పటాలు కట్టే ఒకాయన. గాజు గీసే కట్టర్ చివరి చిన్న చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే లాగుడు. "ఒక్కసారే గీయాల సామీ. గీసినచోటే మళ్ళీ గీస్తే కట్టరూ పోతాది, గాజూ పోతాది." కళ్ళతో కాదు, చెవితో చూసుకోమన్నాడు. ఒత్తిడి సరిగ్గా ఉంటే పాత పంచె చింపినట్టు సన్నటి చప్పుడొస్తుంది. గీత పక్కన తెల్లపొడి లేస్తోందంటే మరీ నొక్కుతున్నట్టు. తర్వాత గీతకు అటూ ఇటూ బొటనవేళ్ళు పైన, పిడికిళ్ళు కింద పెట్టి, చెరుకుగడ విరిచినట్టు కిందికి వంచితే టక్కున రెండవుతుంది. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి.

సాధనకు గాజు కొనక్కర్లేదు. అల్యూమినియం కిటికీలు చేసే షాపుల్లో 3 మి.మీ. తునకలు పారేస్తుంటారు, అడిగితే ఇస్తారు. కానీ టఫెన్డ్ గాజు, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజు, తెచ్చుకోకండి. ఎవరో తీసేసిన షాపు తలుపు ఉచితంగా దొరికిందని నేను సంబరపడి మేడెక్కించా. కట్టర్ పెట్టి గట్టిగా లాగానో లేదో, ఢామ్మని మొత్తం రాలిపోయింది. వారం తర్వాత కూడా చీపురుకు కలకండ ముక్కల్లాంటివి తగులుతూనే ఉన్నాయి.

అపోహ: బొమ్మలు వేయడం వస్తే సగం పని అయినట్టే

నాకు బొమ్మలొచ్చు, అదే నా కొంప ముంచింది. మొదటి పలకకే కాళహస్తి కలంకారీ నెమలిని ఎంచుకున్నా. కలంకారీలో నల్ల గీత కలం ఎటు పోతే అటు పోతుంది, ఎక్కడైనా ఆగుతుంది. ఇక్కడ గీతంటే అతుకు. అంచునో ఇంకో అతుకునో చేరాల్సిందే. పైగా గాజు పగులు తిన్నగా పోవాలని చూస్తుంది. నెమలి మెడలాంటి లోపలి ఒంపును ఒక్క విరుపులో తీయబోతే మెడ చేతికొస్తుంది. నెలవంకల్లా కొంచెం కొంచెం గీసి, ఒక్కోటీ పట్టకారుతో తీసుకుంటూ పోవాలి. ఐదు మెడలు పోయాక నెమలిని అటకెక్కించి, తిన్నటి గీతలతో ఎనిమిది ముక్కల పలక చేశాను. మీరు నేరుగా అక్కడే మొదలుపెట్టండి.

అపోహ: సెల్‌ఫోన్లు బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ చాలు

చాలదు. అది టంకం కరిగించే పనిముట్టు. 25 వాట్లది అతుకు మీద పెడితే టంకం ముద్దలు కడుతుంది. 60 నుంచి 100 వాట్లు ఉండాలి. ప్రతి ముక్క అంచుకూ రాగి టేపు చుట్టి, ఫ్లక్స్ (టంకం రాగికి బాగా పట్టేలా చేసే మందు) రాసి, 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం ఉన్న టంకం తీగ కరిగించి పోస్తాం. ఇత్తడి గిన్నెలకు నవాసారం చల్లి కళాయి వేసేవాళ్ళను చూసుంటే ఈ పని మీకు సగం తెలిసినట్టే. రాగి మీద తగరం పరుగెత్తడం అచ్చం అలాగే ఉంటుంది. అయిపోయాక సబ్బునీళ్ళతో ఫ్లక్స్ కడిగేయాలి. లేదంటే వానాకాలానికి అతుకుల మీద తెల్లగా, పచ్చగా చిలుము పడుతుంది.

అపోహ: సీసం పొగ పీలిస్తే అంతే సంగతులు

సీసం ప్రమాదమే, కానీ దారి వేరు. ఆ తీగ 183 డిగ్రీలకు మెత్తబడి 190 లోపే కరుగుతుంది. సీసం మరగాలంటే 1700 దాటాలి. మీకు కనిపించే పొగ ఫ్లక్స్‌ది. దానికీ కళ్ళు, గొంతు మండుతాయి కాబట్టి కిటికీ తెరిచి, పొగను బయటికి లాగేలా ఫ్యాను పెట్టుకోండి. సీసం ఒంట్లోకి పోయేది ముఖ్యంగా వేళ్ళ మీదుగా. పని మధ్యలో "టీ తాగు నాయనా" అని అమ్మ గ్లాసు అందిస్తే అదే చేత్తో పట్టుకుంటాం చూడండి, అక్కడ. సబ్బుతో చేతులు కడిగాకే ఏదైనా. వంటింటి బల్ల వద్దు. చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ గదిలోకే వద్దు. సీసం లేని తీగ కూడా ఉంది. ఇంకాస్త వేడి కావాలి, అంత నున్నగా పారదు.

అపోహ: గాజు ద్రవమే, ఏళ్ళు గడిచేకొద్దీ కిందికి కారుతుంది

పాత కిటికీల గాజు కింద మందంగా ఉందని చెప్పే కథ ఇది. ఊది, తిప్పి చేసిన ఆనాటి గాజు మొదటి నుంచే ఎగుడుదిగుడు. కుంగేది ఆ కిటికీల్లో ముక్కల్ని పట్టి ఉంచే సీసం పట్టీలు. ఆ కిటికీలు ఉబ్బేది ఎక్కువగా అందుకే.

మన చిన్న పలకలకూ బరువు సంగతి ఉంది. వేలాడదీసే కొక్కేన్ని అంచున ఒట్టి రాగి టేపుకు అతికితే, టేపు ఊడి పలక కింద పడుతుంది. రెండు ముక్కల అతుకు అంచుకొచ్చే చోట, ఆ అతుకు లోపలికి దిగేలా కొక్కెం పెట్టి టంకం వేయండి. నా కలువకు రెండు కొక్కేలూ అలా రేకుల సందుల్లోనే ఉన్నాయి.