చీకటిబల్లికి తిండి ఎక్కడిది?

గుహలో బతికే వేటజంతువును ఊహించమంటే చాలామంది ముందు కోరలు గీస్తారు. తర్వాత పాలిపోయిన చర్మం, కళ్ళు లేని ముఖం, మనిషంత ఎత్తు. గుహలో నిజంగా బతకగల ఒక కల్పిత జంతువును తయారుచేద్దామని నేను గీసిన మొదటి బొమ్మ కూడా అదే. చూడ్డానికి భయంకరంగానే ఉంది గానీ, లెక్క వేస్తే అది నెల తిరక్కుండానే ఆకలితో చచ్చిపోతుంది.

ఎండ పడని చోట మొక్క మొలవదు. కాబట్టి గుహలోకి తిండి బయటి నుంచే రావాలి. వరద నీటిలో కొట్టుకొచ్చినా సరే, గబ్బిలాలు రెట్టల రూపంలో మోసుకొచ్చినా సరే. ఇంకో దారి ఉంది, కానీ చాలా అరుదు. రుమేనియాలో 1986లో బయటపడ్డ మొవిలే గుహలో బ్యాక్టీరియాలే హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్‌ల నుంచి శక్తి రాబట్టి తక్కిన ప్రాణులన్నిటినీ పోషిస్తున్నాయి. అలాంటి చోట కూడా పెద్ద వేటగాడు ఎవరంటే, సుమారు 5 సెంటీమీటర్ల జెర్రి! 2020లో దానికి పెట్టిన శాస్త్రీయ నామానికి అర్థం 'గుహల రాజు'. రాజుగారు అరచేతిలో పడతారు.

అందుకే నా జంతువుకు వెచ్చటి రక్తం ఇవ్వలేదు. పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా గుహ దాటకుండా బతికే క్షీరదం గానీ, పక్షి గానీ ఇంతవరకు దొరకలేదు. గబ్బిలాలైనా తిండికి బయటికి పోవాల్సిందే. ఒంటిని ఎప్పుడూ వెచ్చగా ఉంచుకోవడం అంత ఖర్చుతో కూడిన పని. అదే బరువున్న సరీసృపానికి అందులో దాదాపు పదో వంతు శక్తి చాలు. అందుకని గబ్బిలాల గుహలోకి ఒక బల్లిని పంపి, కొన్ని లక్షల ఏళ్ళు వదిలేశాను. బయటికొచ్చిన దాన్ని చీకటిబల్లి అందాం. మూరెడు పొడవు, తోక మాత్రం బాగా లావు.

ముందు మారేవి పాదాలు. బల్లి గోడకు అంటుకునేది వేళ్ళ కింది మెత్తల మీద ఉండే అతిసన్నని వెంట్రుకల వల్ల. రాయి తడిగా ఉంటే ఆ పట్టు సడలుతుంది. గుహలో ఎప్పుడూ చెమ్మే. కాబట్టి చీకటిబల్లి ఆ మెత్తలు పోగొట్టుకుని, కొక్కేల్లాంటి గోళ్ళు పెంచుకుంటుంది.

కళ్ళ సంగతి అందరూ తేలిగ్గా చెప్పేస్తారు, వాడకపోతే పోతాయని. అంత సులువు కాదు. మెక్సికో గుహల్లోని గుడ్డిచేప పిండంలో కన్ను ముందు మొదలవుతుంది, తర్వాతే క్షీణిస్తుంది. చూపు కోసం కంటికీ మెదడుకీ నిత్యం శక్తి కావాలి. తిండి అరుదైన చోట ఆ ఖర్చు మిగిలితే అదే లాభం. చీకటిబల్లి కన్ను కూడా గుడ్డులో మొదలై చర్మం కింద చుక్కగా మిగిలిపోతుంది.

మరి తిండి జాడ ఎలా తెలుస్తుంది? మొదట వాసన పట్టే నాలుక ఇద్దామనుకున్నాను. కానీ గబ్బిలాల గుహలో రెట్టల నుంచి లేచే అమ్మోనియా ఘాటుకు మిగతా వాసనలు తేలిగ్గా దొరకవు. అందుకే పాముల ఉపాయం అరువు తెచ్చాను. అవి నేల అదుర్లను కింది దవడతో పసిగడతాయి. చీకటిబల్లి దవడను రాతికి ఆనించి పడుకుంటుంది. పైకప్పు నుంచి జారిన గబ్బిలం పిల్ల టప్‌మని కింద పడగానే దానికి దిక్కు తెలుస్తుంది.

అసలు టెన్షన్ ఇక్కడే. కింద పడ్డ పిల్ల మీదికి కళేబరాలు తినే బీటిల్ పురుగులు క్షణాల్లో మూగుతాయి. ఆలస్యమైతే మిగిలేవి ఎముకలే. అందుకే రోజంతా రాయిలా పడి ఉండే ఈ ప్రాణికి ఆ పది అడుగులు మాత్రం దూకుడుగా పరిగెత్తే కండరాలు కావాలి. ఆలస్యంగా వెళ్ళిన రోజు పురుగులనే తింటుంది. పైకప్పు మీద వేలాడే గబ్బిలాన్ని పట్టడం దానికి అరుదైన సాహసం. వెనిజులాలో పెద్ద జెర్రులు గుహ కప్పు నుంచి వేలాడుతూ గబ్బిలాలను పట్టి తినడం శాస్త్రవేత్తలు చూశారు. జెర్రి చేయగలిగింది బల్లికి అసాధ్యమేమీ కాదు.

గబ్బిలాలు వలస పోయాక నెలల తరబడి పస్తులే. అప్పుడు తోకలో దాచుకున్న కొవ్వు కరుగుతుంది. కదలకుండా ఉండటంలో మాత్రం దీనికి గురువు ఓల్మ్ అనే గుహ సాలమాండర్, అంటే బల్లిలా కనిపించే ఉభయచరం. బోస్నియా నీటి గుహల్లో ఒక ఓల్మ్ 2,569 రోజులు, అంటే ఏడేళ్ళు, ఒకే చోట కనిపించింది. నా చీకటిబల్లికి అంత ఓపిక ఇవ్వలేదు. గబ్బిలాలు తిరిగొచ్చి పిల్లలు పెట్టేసరికి దాని తోక ఈనెపుల్లలా అయిపోయి ఉంటుంది, దవడ మాత్రం రాతి మీదే ఉంటుంది.