ఆ ‘నలుగురు’ ఎక్కడి నుంచి వచ్చారు?

చిన్న ఊళ్ల కథల్లో తప్పకుండా ఉండే ఒక పాత్రకు పేరుండదు. ‘నలుగురు’ అంటారు, అంతే. నలుగురు ఏమనుకుంటారు, నలుగురిలో పరువు పోతుంది, నలుగురి నోళ్లలో పడ్డాం.

ఓరుగల్లు వైపు మాత్రం ఒకప్పుడు ఈ నలుగురికి అంత సీను లేదు. నిజాం పాలనను ముగించిన 1948 పోలీసు చర్యకు ముందు ఊరు గడీ, అంటే దొర కోటలాంటి ఇంటి చెప్పుచేతల్లో ఉండేది. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య రాసిన ‘చిల్లర దేవుళ్లు’ ఆ కాలం నవలే. గడీలో దాసీలుగా ఉండే ఆడబాపల బతుకేమిటో ఊరందరికీ తెలుసు, దొర ముందు అనే దమ్ము ఎవరికి ఉంది? చాటున గుసగుసలాడుకోవడమే. కులంలో తప్పు జరిగితే పెద్దమనుషులు దండుగ కట్టించేవాళ్లు.

గడీల జోరు తగ్గాక ఆ పెత్తనం వాడకట్టు ఇరుగుపొరుగు చేతికొచ్చిందని నాకనిపిస్తుంది. అప్పటికే ఓరుగల్లు పట్నం మారుతోంది. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు, 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి కిరాయికి దిగారు, ఆడపిల్లలు బస్సెక్కి చదువుకు పోయారు. ఎవరి బిడ్డో తెలియని మనుషులు పెరిగేసరికి ఆరా తీయడమూ పెరిగింది.

కరీంనగర్, జగిత్యాల వైపు బీడీలు చేసే అరుగు చూడండి. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా చేతులకు తీరిక లేదు, నోటికి బోలెడంత తీరిక. కథకులు ఈ అరుగునే పట్టుకుని చాడీలన్నీ ఆడవాళ్ల ఖాతాలో వేశారు. మంగలి దుకాణంలో, చాయ్ హోటల్లో మగవాళ్లు గంటలకొద్దీ చెప్పుకునేదాన్ని ముచ్చట అన్నారు. ఇదేం లెక్కో!

అమెరికాలో సింక్లెయిర్ లూయిస్ 1920లో ‘మెయిన్ స్ట్రీట్’ రాశాడు. అందులో డాక్టరు భార్య కెరోల్‌ను ఊరంతా కిటికీ తెరల చాటు నుంచి కనిపెడుతుంది. విసిగిపోయి ఆమె వాషింగ్టన్ వెళ్తుంది, ఉద్యోగం చేస్తుంది, కొన్నాళ్లకు తిరిగొస్తుంది. రచయిత సొంతూరు సాక్ సెంటర్‌కు మొదట కోపమొచ్చింది. తర్వాత ఆ ఊరే తన వీధికి ‘అసలైన మెయిన్ స్ట్రీట్’ అని పేరు పెట్టుకుంది.

మనకు తెరలతో పనిలేదు, తలుపులన్నీ గల్లీలోకే. వెళ్లిపోవడమూ అంత తేలిక కాదు, ఎందుకంటే ఇక్కడ మాట పెళ్లి సంబంధం దాకా వెంట వస్తుంది. పిల్లగాని తరఫువాళ్లు ముందు పిల్ల ఇంటికి రారు. గల్లీ మూల కిరాణా దుకాణం దగ్గర ఆగి, ఒక సిగరెట్ కొని, మెల్లగా అడుగుతారు. దుకాణాయన చిల్లర లెక్కపెడుతూ అంటాడు: “మంచోళ్లే... గానీ...”

ఆ తర్వాత ఆయన ఇంకేమీ అననక్కర్లేదు.